కథ పంపే ముందు

పర్లాకిమిడి

చి. అమ్మలుకి,

మావయ్య ఆశీస్సులు. నీ కథ నిన్న రాత్రి ఒకసారి, పొద్దున్న మళ్ళీ ఒకసారి చదివాను. గుణుపురంలో ఒడియా మీడియంలో చదువుకుని, తెలుగు అక్షరాలు ఇంట్లో అమ్మ దగ్గర దిద్దుకున్న పిల్లవి. నువ్వు ఇంత కథ రాశావంటే నాకెంత సంతోషమో చెప్పలేను. నెట్ పత్రికలకి ఎలా పంపాలని అడిగావు కదా, నాకు తెలిసింది రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు, కథని ఫేస్‌బుక్‌లో పెడతానన్నావే, ఆ పని చెయ్యకు. ఫేస్‌బుక్‌లోనో బ్లాగులోనో ఒకసారి పెడితే చాలా పత్రికల లెక్కలో అది అచ్చయిపోయినట్టే. ఇంక తీసుకోరు. నలుగురు లైకు కొట్టిన సంబరం రెండు రోజులుంటుంది, కథ మాత్రం చేజారిపోతుంది.

ఏ పత్రికకి అంటే, ఈమాట 1998 నుంచి వస్తోంది. అక్కడ సంపాదకులు కథని గట్టిగా పరిశీలిస్తారు, మార్పులు కూడా అడుగుతారు. సారంగ పక్షపత్రిక. కౌముది నెలనెలా వస్తుంది. నెచ్చెలి 2019లో మొదలైన స్త్రీల పత్రిక. పుస్తకం.నెట్ పుస్తకాల గురించి రాసేవాళ్ళది, అక్కడికి కథ పంపకు. ఒక్కో పత్రికలో ఈమధ్య వచ్చిన కథలు మూడు నాలుగైనా చదువు. నీ కథ ఎవరి పక్కన ఇముడుతుందో నీకే తెలుస్తుంది. రచయితలకు సూచనలు అని ఒక పేజీ ఉంటుంది, అదీ పూర్తిగా చదువు. వీటిలో డబ్బు రాదనే అనుకో. కానీ కథ వెయ్యడానికి నీ దగ్గరే డబ్బు అడిగేవాళ్ళుంటే వాళ్ళ జోలికి పోకు.

టైపింగు యూనికోడ్‌లోనే చెయ్యి, అంటే ఏ ఫోన్లో, కంప్యూటర్లో తెరిచినా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతిలో. నేను మొదటి కథ డీటీపీ షాపులో పాత ఫాంటులో కొట్టించి పంపాను. అవతల తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు, అన్నీ పిచ్చి గీతలే. ఫోన్లో మాట చెప్పి టైపు చేయించినా సరే, తర్వాత ఒక్కో పదం వేలు పెట్టి చదువు. నీ కథలో ‘అర్థం కాలేదు’ అని ఉండాల్సిన చోట మూడుసార్లు ‘అర్ధం’ అని పడింది. అర్ధం అంటే సగం కదమ్మా.

ఈమెయిల్లో నాలుగు ముక్కలు చాలు. కథ పేరు, నీ పేరు, ఊరు, ఇది నా సొంత రచన, అనువాదం కాదు, ఎక్కడా ప్రచురించలేదు, మరే పత్రిక పరిశీలనలోనూ లేదు అని హామీ. ఆ చివరి మాట మీద నిలబడు. ఓపిక పట్టలేక నేనోసారి ఒకే కథ రెండు పత్రికలకి పంపాను. వారం తేడాలో ఇద్దరూ వేసుకుంటామన్నారు. ఒకరికి క్షమాపణ రాసుకోవాల్సి వచ్చింది. ఆ పత్రికకి మళ్ళీ ఏదైనా పంపడానికి నాకు ఏడాది దాకా మొహం చెల్లలేదు. వాళ్ళు చెప్పిన గడువు దాటితే మర్యాదగా ఒక్క మెయిలు రాసి అడుగు. వద్దన్నా వాదించకు.

ఇప్పుడు నీ కథ సంగతి. మొదటి ప్రతిలో మామ్మ గుమ్మంలో కూర్చుని ముఢిలో ఉల్లిపాయ ముక్కలు కలుపుతూ, ‘ఏటే గుంటా, ఇంకా బడికెల్లలేదా’ అంటుంది. రెండో ప్రతిలో ముఢి కాస్తా మరమరాలైంది. మామ్మ, ‘ఏమే అమ్మాయీ, ఇంకా బడికి వెళ్ళలేదా’ అంటోంది. ఎందుకు మార్చావు? హైదరాబాదు వాళ్ళకి అర్థం కాదని భయమా? చేతిలో ఉల్లిపాయ ఉంది, గిన్నె ఉంది, చదివేవాళ్ళు ఇట్టే పోల్చుకుంటారు. మామ్మ గొంతు పోతే ఆ కథలో నాకు మామ్మే కనిపించలేదు. గిడుగు రామమూర్తిగారు ఈ ఊళ్ళోనే పాఠాలు చెప్పారు. జనం మాట్లాడే తెలుగులో రాయాలని పోరాడారు. కొండల్లో సవరలు మాట్లాడే భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాశారు, అది 1931లో అచ్చయింది. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినా మనిళ్ళలో తెలుగు పోలేదు. ఒడియా మాటలు కొన్ని కలుపుకుని మన తెలుగు మనకుంది. అలాంటి చోట పుట్టి మన మాట దాచుకుంటే ఎలాగమ్మా?

సంపాదకులు అడిగితే ముఢి అంటే ఏమిటో ఒక ముక్క చెప్పు, తీసెయ్యమంటే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించు. మిగతా మార్పులు ఏమడిగినా శ్రద్ధగా చెయ్యి. ముగింపు పొడవైందని వాళ్ళూ అంటారనే నా అనుమానం. బస్సు కదిలిన దగ్గర ఆపేస్తే చాలు, ఆ తర్వాతి పేరా అక్కర్లేదు.

మామ్మ మాటలు పాతవే పెట్టి, ఆదివారంలోగా ఫైలు నాకు పంపు. అచ్చుతప్పులు నేను చూస్తాను.

మీ మావయ్య