మునిగిన ఊరికి నాన్న ప్రయాణం

ప్రశ్న: మేము టెక్సాస్‌లో ఉంటున్నాం. అమ్మ పోయిన తర్వాత నాన్న మా దగ్గరికే వచ్చేశారు. ఆయనకు 77 ఏళ్లు. పాపకు 16, బాబుకు 10. ఈ వేసవిలో అందరం కలిసి మూడు వారాలు ఇండియా వెళ్లాలనుకుంటున్నాం. నాన్న సొంతూరు కర్నూలు వైపు కృష్ణ ఒడ్డున ఉండేదట. శ్రీశైలం జలాశయంలో మునిగిపోయింది, నేను చూడలేదు. నీళ్లు తగ్గినప్పుడు ఆ చోటికి వెళ్లాలని, మనవలు కూడా వెంట ఉండాలని ఆయన కోరిక. మావారేమో ‘బురద చూడడానికి అంత దూరమా’ అంటున్నారు. జులై ఆఖరులో బయలుదేరి, గుంటూరులో మా అత్తమామల దగ్గర రెండు వారాలు ఉందామని ఆయన ఆలోచన. ‘మీ నాన్న మనతోనే ఉన్నారు, అక్కడ ఇంకా మీవాళ్లంటూ ఎవరున్నారు’ అన్నారు. పాప అసలు రానంటోంది. ఇవి చాలవన్నట్టు, ముంపు పరిహారం దగ్గర మొదలై, ముంపు కుటుంబాలకు ప్రభుత్వం ఇస్తామన్న 98 జీవో ఉద్యోగం దగ్గర ముదిరిన గొడవతో నాన్నకూ చిన్నాన్నకూ మాటలు లేవు. చిన్నాన్న పునరావాస కాలనీలోనే ఉంటారు. మనం వస్తున్నట్టు ఆయనకు తెలియకూడదని నాన్న షరతు. నాన్నను మానిపించాలా? అందరినీ బలవంతంగా ఒప్పించాలా? నేనే రహస్యంగా చిన్నాన్నకు ఫోను చేసి ఇద్దరినీ కలపనా?

జవాబు: అమ్మా, ముందు తేదీ సంగతి తేల్చుకోండి. మిగతావి మాట్లాడుకోవడానికి ఇంకా వ్యవధి ఉంది. జులై ఆఖరుకు టికెట్లు కొన్నారంటే మీ నాన్నగారి కోరిక తీరే అవకాశం చాలా తక్కువ. శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. వేసవి అంతా తగ్గుతూ వచ్చి జూన్ నాటికి మట్టం బాగా పడిపోతుంది. పడమటి కనుమల్లో వానలు జోరందుకుని ఎగువనున్న ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల డ్యాములు వరసగా గేట్లు ఎత్తడం మొదలుపెడితే శ్రీశైలానికి వరద వచ్చేస్తుంది. చాలా ఏళ్లలో ఇది జులై రెండో పక్షానికీ ఆగస్టుకూ మధ్య జరిగే పని. ఏటా వేసవిలో బయటపడి వరద రాగానే మళ్లీ మునిగిపోయే సంగమేశ్వరం గుడి గురించి మీ నాన్నగారిని అడిగితే ఈ లెక్క నాకన్నా బాగా చెబుతారు. టెక్సాస్‌లో బడులు మే ఆఖరుకు అటూ ఇటూగా మూసేస్తారు కాబట్టి, జూన్ మొదటి పక్షంలో కర్నూలులో ఉండేలా చూసుకోండి. సెలవు దొరకదని మీవారు అంటే, మీరూ నాన్నగారూ పిల్లలతో ముందు వెళ్లండి, ఆయన తర్వాత వచ్చి గుంటూరులో కలుస్తారు. మిగతా అన్నిటిలోనూ సర్దుకోవచ్చు, తేదీ విషయంలో మాత్రం వద్దు. వరద ఎవరి సెలవులకోసమూ ఆగదు.

‘మీవాళ్లంటూ ఎవరున్నారు’ అన్న మాట మీకు నొప్పి కలిగించిందని మీరు రాయలేదు. కానీ ఆ మాటను అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాశారు, అంటే గుచ్చుకుంది. నాన్నగారిని అడ్డం పెట్టుకుని మీవారితో వాదించకండి. ‘ఆయనకోసం’ అన్నంతకాలం అది ముసలాయన ముచ్చటగానే ఉండిపోతుంది, మీవారు దాన్ని దులిపేస్తారు. ‘ఆ ఊరు నేనూ చూడాలి, అది నా పుట్టింటి ఊరు’ అని చెప్పండి. గుంటూరులో రెండు వారాలూ ఉండండి, పెద్దవాళ్లు మనవలకోసం ఎదురుచూస్తుంటారు, వాళ్ల రోజులు కోయవద్దు. మిగిలిన వారంలో నాలుగు రోజులు కర్నూలుకు అడగండి. మునిగిన ఊరికి అందులో ఒక్క పూట చాలు. మీవారు రాకపోయినా కొంప మునగదు. సణుగుతూ వెంట వచ్చే అల్లుడికన్నా గుంటూరులో హాయిగా కూర్చున్న అల్లుడే ఆ రోజుకు మేలు.

అయితే బురద అన్న మాటలో ఆయన తప్పేమీ లేదు. 1981లో ఊళ్లు ఖాళీ చేయించి ఇళ్లు కూల్చేశారు. తలుపులు, దూలాలు, ద్వారబంధాలు ఊడదీసుకుని బండ్లమీద వేసుకుపోయారు జనం. ఆ మిగిలినదానిమీద నలభై ఏళ్లకు పైగా ఒండ్రు పేరుకుంది. పునాది రాళ్లు నాలుగు కనబడితే అదే ఎక్కువ. ‘పిల్లలకు మన మూలాలు చూపిద్దాం’ అని ముందుగానే ఊరించకండి. చూపించడానికి అక్కడ ఏమీ ఉండదు, పాప ఒక్క చూపులో ఆ సంగతి గ్రహిస్తుంది. మీ నాన్నగారు కూడా పాఠం చెప్పాలనుకోవడం లేదు. మనవలు పక్కన ఉండాలంటున్నారు, అంతే.

పాపను ఆ ఒక్క పూటకు బతిమాలకండి, బెదిరించకండి. కర్నూలు నుంచి కారులో గంటలోపే అలంపురం వస్తుంది. బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలున్న ఊరు అది. అక్కడే కూడవెల్లి సంగమేశ్వరాలయం ఉంది, ఏటా మునిగే సంగమేశ్వరం గుడి వేరు, ఇది వేరు. ఆ గుడి మొదట ఉన్న చోటు ముంపులోకి వస్తుందని, దాన్ని రాయి రాయిగా విడదీసి తెచ్చి అలంపురంలో తిరిగి కట్టారు. ముందు రోజు పాపను అక్కడికి తీసుకెళ్లండి. గుడిని అంత జాగ్రత్తగా తరలించినవాళ్లు మనుషులను ఎలా తరలించారని తనకే ప్రశ్న పుడితే, తాతగారు పక్కనే ఉంటారు. పుట్టకపోతే హోటల్లో ఉండి ఫోను చూసుకోనివ్వండి. పదహారేళ్ల పిల్ల రానన్నది తాతను కాదు, ఆ ఎండను. బాబు ఎలాగూ బురద అంటే ఎగిరి గంతేస్తాడు.

ఇక చిన్నాన్న సంగతి. ఆయనకు తెలియకుండా వెళ్లడం అయ్యే పని కాదు. ఇల్లు ఎక్కడ ఉండేదో మీ నాన్నగారు ఇన్నేళ్ల తర్వాత ఒంటరిగా గుర్తుపట్టలేకపోవచ్చు. చెట్టూ గోడా లేని నేలలో ఆనవాలు దొరకదు. నీళ్లు తగ్గిన పొలాల్లో ఏటా పంట వేసుకునేవాళ్లకే అవి తెలుస్తాయి, ఆ వేసేవాళ్లు సాధారణంగా ముంపు కుటుంబాలవాళ్లే. ఈ నెలలో మట్టం ఎంత ఉంది, దారి ఎండిందా, కారు ఎంతవరకు వెళ్తుంది అన్నవి చెప్పాల్సింది కూడా వాళ్లే. పైగా ఒక కొత్త కారు ఆ దారిలో ఆగితే, మీరు దిగేలోపే కాలనీకి కబురు చేరిపోతుంది. తమ్ముడి ఊరిదాకా వచ్చి ఇంటికి రాకుండా పోయాడన్నది పాత గొడవకు కొత్త కొమ్మ అవుతుంది.

అలాగని మీరు చాటుగా ఫోను చేయవద్దు. అది నాన్నగారి నమ్మకంతో ఆడుకోవడమే. అక్కడ తమ్ముడు హఠాత్తుగా ఎదురుపడితే ఆయన ఆ నేలను చూడరు, మిమ్మల్ని చూస్తారు కోపంగా. ఉన్నది ఉన్నట్టు చెప్పండి: ‘నాన్నా, ఆ చోటు చూపించాలంటే చిన్నాన్నవాళ్లే కావాలి. ఫోను మీరు చేస్తారా, నన్ను చేయమంటారా? వద్దంటే సంగమేశ్వరం దాకా వెళ్లి వచ్చేద్దాం.’ ఆ రోజే జవాబు రాకపోవచ్చు. రెండు వారాలు ఆగి మరొక్కసారి అడగండి. అప్పటికీ వద్దంటే వద్దే.

గొడవలో ఎవరిది న్యాయమో నేను చెప్పలేను, మీరూ చెప్పబోకండి. ఒక్క విషయం మాత్రం మీ మనసులో ఉంచుకోండి. 1986 నాటి 98వ నంబరు జీవో ముంపు కుటుంబానికి ఇస్తామన్నది ఒకే ఉద్యోగం. ఇద్దరు అన్నదమ్ములున్న ఇంట్లో ఆ ఒక్కటి ఒకరికే పోతుంది, రెండోవారికి మాట మిగులుతుంది. ఆ ఉద్యోగాలకోసం దశాబ్దాలు తిరిగినవాళ్లు ఎందరో ఉన్నారు. చిన్నాన్నకు అది వచ్చిందో లేదో, వస్తే ఎన్నేళ్లకు వచ్చిందో, అంతవరకు ఆ కాలనీలో ఎలా గడిచిందో మీకు ఎవరూ చెప్పి ఉండరు, ఎందుకంటే మీరు విన్నది ఒక వైపే.

కలవడం జరిగితే కాగితాలు, వాటాలు ఆ రోజు ఎత్తనివ్వకండి. మీవారికి డబ్బు అడుగుతారేమోనన్న భయం ఉంటే, బట్టలు మీరే ముందుగా కొని తీసుకెళ్లండి, ఎంత ఖర్చుపెట్టాలో ఇద్దరూ ముందే అనుకోండి. ఆ ఇంటివాళ్లు మీకు పసుపు కుంకుమతో చీర పెడితే మాత్రం మొహమాటపడకుండా తీసుకోండి. అన్నదమ్ముల లెక్క ఏదైనా, ఆ ఇంటికి మీరు ఆడబిడ్డ.

నాన్నగారి ఆరోగ్యం గురించి మీరు ఏమీ రాయలేదు. జూన్‌లో కూడా కర్నూలు ఎండ మామూలుది కాదు. తెల్లవారుతూనే బయలుదేరి తొమ్మిదిలోపు నీడకు చేరండి. ఎండిన ఒండ్రు పైకి గట్టిగా కనిపించి లోపల దిగిపోతుంది, అక్కడి మనిషి ముందు నడవందే ఆయనను అడుగు వేయనివ్వకండి. మందులు పూర్తి ప్రయాణానికి సరిపడా చేతి సంచిలో పెట్టండి, ఇండియాలో చికిత్సకు పనికొచ్చే ప్రయాణ బీమా విడిగా తీసుకోండి. టికెట్లకన్నా ముందు బాబు పాస్‌పోర్టు తీసి గడువు చూడండి. అమెరికాలో చిన్నపిల్లలకు ఇచ్చేది అయిదేళ్లకే. కొత్తది తీసుకుంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నట్టయితే ఆ వివరాలు కూడా ఆన్‌లైన్‌లో మార్చాలి. ఆ పని ఈ వారమే మొదలుపెట్టండి.