చుక్క వణుకుతోందా? అద్దాన్ని రెండుసార్లుగా తోయండి

ప్రశ్న: రిచీ స్ట్రీట్‌లో కొన్న 650 నానోమీటర్ల ఎర్ర లేజర్‌ను 2 మిల్లీమీటర్ల మెమ్స్ అద్దం (చిప్ మీద చెక్కిన, వోల్టేజీతో వాలే బుల్లి అద్దం) మీద వేసి, గోడపై చతురస్రం గీయిస్తున్నాను. ప్రతి మూలలోనూ గీత వణుకుతోంది. వోల్టేజీ మార్చినా లాభం లేదు. ఏం చేయాలి?
– ఇంజినీరింగ్ విద్యార్థి, తాంబరం, చెన్నై

జవాబు: వోల్టేజీ జోలికి పోకండి. ఆ అద్దం సన్నటి సిలికాన్ పట్టీల మీద వేలాడుతుంది. ఒక్కసారిగా తోస్తే తన సొంత ఫ్రీక్వెన్సీలో ఊగుతూనే ఉంటుంది. ఆపడానికి చుట్టూ ఉన్న గాలి తప్ప పెద్దగా ఏమీ లేదు.

ముందు ఆ ఫ్రీక్వెన్సీ పట్టుకోండి. మామూలు డ్రైవ్‌లో (అద్దాన్ని కదిలించే సిగ్నల్‌లో) నూరో వంతు సైన్ వేవ్ ఇచ్చి 100 హెర్ట్జ్ నుంచి నెమ్మదిగా పెంచండి. చుక్క ఉన్నట్టుండి గీతలా సాగే చోటే రెజొనెన్స్, అంటే అద్దం సొంత ఫ్రీక్వెన్సీ. క్యూ విలువ (ఊగు ఎంత నెమ్మదిగా చల్లారుతుందో చెప్పే అంకె) 50 ఉన్న అద్దమైతే అక్కడ ఊపు 50 రెట్లవుతుంది. పూర్తి డ్రైవ్ ఇచ్చారో, పట్టీ విరిగిపోవచ్చు.

అది 1 కిలోహెర్ట్జ్ అనుకుందాం. క్యూ 50తో వణుకు మూడో వంతుకు తగ్గడానికే దాదాపు 16 మిల్లీసెకన్లు కావాలి. ఈలోపే మీ ప్రోగ్రామ్ తర్వాతి మూలకు చేరిపోతోంది. అందుకే జరపాల్సిన దూరంలో సగం ఇప్పుడు ఇవ్వండి, సరిగ్గా 0.5 మిల్లీసెకన్ ఆగి మిగతా సగం ఇవ్వండి. రెండో తోపు పుట్టించే ఊగు మొదటిదానికి ఎదురుగా వచ్చి దాన్ని చంపేస్తుంది. ఫ్రీక్వెన్సీ 10 శాతం తప్పుగా కొలిస్తే 15 శాతం వణుకు మిగిలిపోతుంది. రెండు అక్షాలకూ విడివిడిగా కొలవడం మరవొద్దు, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. లో-పాస్ ఫిల్టర్ (వేగంగా మారే సిగ్నల్‌ను అడ్డుకునేది) పెట్టినా వణుకు పోతుంది కానీ మూలలు గుండ్రమవుతాయి.

గోడ మీద కదలని మసక చుక్క కూడా కనిపిస్తోందా? కిరణం అద్దం అంచు దాటి ఫ్రేమ్ మీద పడుతోందన్నమాట. 45 డిగ్రీల వాలులో 2 మిల్లీమీటర్ల అద్దం కిరణానికి 1.4 మిల్లీమీటర్లుగానే దొరుకుతుంది, కిరణం వెడల్పు 0.9 మిల్లీమీటర్లు దాటకుండా చూసుకోండి.

ప్రశ్న: అదే అద్దంతో 450 నానోమీటర్ల నీలి లేజర్ వాడొచ్చా?
– అంబత్తూరు, చెన్నై

జవాబు: పూత ఏమిటో చూడండి. బంగారమైతే వద్దు. నీలి వెలుగులో అది సగం కూడా తిప్పికొట్టదు, మిగతాదంతా వేడి. ఆ సన్నటి పట్టీల గుండా వేడి బయటికి పోవడం కష్టం. అల్యూమినియం పూతైతే ఫర్వాలేదు. అద్దాన్ని కదిలించే డ్రైవర్ సర్క్యూట్ ఆగితే లేజర్ కూడా ఆరిపోయేలా వైరింగ్ మాత్రం తప్పనిసరి: కదలకుండా నిలిచిన కిరణమే కంటికి ఎక్కువ ప్రమాదం.