యంత్రం ‘కుదరదు’ అన్నాక ఆ మనిషి ఎక్కడికెళ్లాలి?

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పెన్షన్ దరఖాస్తులన్నీ ఆన్‌లైన్‌కి మార్చే పని నీ చేతికిచ్చారంటే సంతోషమే. ఆరు నెలల్లో పూర్తి చేయమన్నారని చదివాక మాత్రం నవ్వొచ్చింది. నా ఉద్యోగమంతా ప్రతి ప్రాజెక్టులోనూ ఆ ఆరు నెలల మాటే విన్నాను.

ఏ సాఫ్ట్‌వేర్ మంచిది, క్లౌడ్‌లో పెట్టాలా సొంత సర్వర్లలోనా అని అడిగావు. అవి నాకన్నా నీకే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది వేరే ఉంది. యంత్రం ‘కుదరదు’ అన్నాక ఎదురుగా నిలబడ్డ మనిషి ఎక్కడికి వెళ్లాలి, ఎవరిని అడగాలి, ఎన్ని రోజుల్లో తేలుతుంది? ముందు ఆ దారి గీయి. అన్ని కాగితాలూ సవ్యంగా ఉన్నవాడి దరఖాస్తు ఎలాగూ ముందుకి వెళ్తుంది, దానికి నీ తెలివితేటలు పెద్దగా అక్కర్లేదు.

భయపెట్టడానికి కాదు గానీ ఒక లెక్క చెబుతాను. మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో పనిచేసే రిచర్డ్ హీక్స్ 2003లో అభివృద్ధి చెందుతున్న దేశాల ఈ-గవర్నెన్స్ ప్రాజెక్టుల మీద, అంటే ప్రభుత్వ పనుల్ని కంప్యూటర్లోకి మార్చేవాటి మీద, ఒక అంచనా వేశాడు. నూటికి 35 పూర్తిగా విఫలం, 50 సగంసగం, 15 మాత్రమే అనుకున్నది సాధించాయని. డిజైన్ చేసేవాళ్ల ఊహలో ఉన్న ఆఫీసుకీ, నిజంగా ఉన్న ఆఫీసుకీ మధ్య దూరం ఎంత ఎక్కువైతే ప్రాజెక్టు అంత తొందరగా కూలుతుందన్నది ఆయన వాదన. అంచనా పాతదే, ఆ తర్వాత ఫోన్లూ నెట్టూ చాలా మారాయి. ఆ దూరం మాత్రం నేను వెళ్లిన ప్రతి ఆఫీసులోనూ కనిపించింది.

అందుకని మొదటి పదిహేను రోజులు కంప్యూటర్ జోలికి పోకు. కౌంటర్ వెనక ఒక కుర్చీ వేయించుకుని కూర్చో. ప్రతి గుమాస్తా సొరుగులోనూ ఒక సొంత నోటుబుక్ ఉంటుంది. రూల్సులో ఎక్కడా లేని కేసులన్నీ అందులో ఉంటాయి. భర్త చనిపోయాడు గానీ మరణ ధ్రువపత్రం లేదు, ఒకే మనిషికి రెండు ఫైళ్లున్నాయి, ఊరు వదిలి వెళ్లి మళ్లీ వచ్చారు... ఇలాంటివి. ఆ నోటుబుక్కు బతిమాలైనా సరే తీసుకుని చూడు. పై అధికారులు నీకిచ్చే రిక్వైర్‌మెంట్ల ఫైలు కంటే అదే ఎక్కువ పనికొస్తుంది. ఆ గుమాస్తాకి తన ఉద్యోగం పోతుందేమోనన్న టెన్షన్ ఉంటుంది, ముందు అది తీర్చకపోతే నోటుబుక్కు బయటికి రాదు.

ఫారంలో ఏ గడి తప్పనిసరి, ఏది కాదు అనే దగ్గర బాగా ఆలోచించు. ఇంటిపేరు ముందు రాసేవాళ్లు, వెనక రాసేవాళ్లు, అసలు ఇంటిపేరే లేనివాళ్లు ఉంటారు. ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చేటప్పుడు ఒకే పేరు మూడు కార్డుల మీద మూడు రకాలుగా పడుతుంది. పుట్టినరోజు తెలియనివాళ్లందరికీ ఎవరో ఒకరు జనవరి 1 అని వేసేస్తారు. అక్షరం తేడా వస్తే దరఖాస్తు తిప్పికొట్టేలా రాశావో, ముసలివాళ్లనందరినీ నోటరీల చుట్టూ తిప్పినట్టే.

నేను చేసిన తప్పు కూడా చెప్పనీ. ఒక పథకం ఫారంలో ఫోన్ నంబరు గడిని నేనే తప్పనిసరి చేశాను. మెసేజ్ వెళ్తే మధ్యవాళ్ల బెడద ఉండదు కదా అనుకున్నాను. చాలామందికి సొంత ఫోన్ లేదు. గడి నింపకపోతే ఫారం ముందుకి కదలదు. దాంతో కౌంటర్లలో ఆపరేటర్లు తమ నంబరే కొట్టేశారు. కొన్ని నెలల తర్వాత చూస్తే ఒక్కో నంబరు మీద వందలకొద్దీ దరఖాస్తులున్నాయి. ఓటీపీలన్నీ ఆపరేటర్లకే వెళ్తున్నాయి, డబ్బు పడిందన్న సంగతి కూడా ముందు వాళ్లకే తెలుస్తోంది. మధ్యవాడిని తీసేస్తానని బయల్దేరి, నా చేత్తోనే వాడికి కుర్చీ వేసిచ్చాను.

నెట్ అందనివాళ్లు ఎంతమంది అనుకుంటున్నావు? ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ ఐటీయూ లెక్క ప్రకారం 2024లో కూడా ప్రపంచంలో దాదాపు 260 కోట్ల మంది ఇంటర్నెట్ వాడటం లేదు. అయినా మామూలు ఫోన్‌తోనే చాలా చేయొచ్చు. కెన్యాలో ఫోన్‌లో డబ్బు పంపుకునే ఎం-పెసా 2007లో మొదలైనప్పుడు స్మార్ట్‌ఫోన్లు ఎక్కడున్నాయి? సిమ్‌లో ఒక చిన్న మెనూ, వీధి చివర డబ్బు తీసుకునే, ఇచ్చే ఏజెంటు, అంతే. టోగోలో 2020 ఏప్రిల్‌లో, కరోనా కాలంలో, నొవిసీ అనే సాయం కూడా మామూలు ఫోన్లో కోడ్ నొక్కితే అందేలా పెట్టారు, మనిషిని గుర్తించడానికి ఓటరు జాబితా వాడారు. చేతిలో ఉన్నదాంతోనే పని మొదలుపెట్టిన తీరు నాకు నచ్చింది. ఆ జాబితాలో పేరు లేనివాడి సంగతేమిటని మాత్రం నువ్వు అడగాలి. యాప్ కావాలని నీ పైవాళ్లు పట్టుబడతారు, యాప్ అయితే ప్రారంభోత్సవానికి బాగుంటుంది మరి. చేయి, కాదనను. అదొక్కటే దారి కాకుండా చూసుకో.

చదువు రానివాళ్ల కోసం సహాయ కేంద్రాలు పెట్టాల్సి వస్తుంది. బంగ్లాదేశ్ 2010లో యూనియన్ పరిషత్తుల్లో, అంటే అక్కడి గ్రామ పాలక మండళ్లలో, డిజిటల్ కేంద్రాలు తెరిచినప్పుడు ఒక్కోదానికి ఒక మగ, ఒక ఆడ నిర్వాహకులు ఉండాలని పెట్టుకుంది. చిన్న విషయంలాగే కనిపిస్తుంది గానీ, ఆడవాళ్లు లోపలికి వచ్చి తమ విషయం చెప్పుకోవాలంటే ఇలాంటివే పనిచేస్తాయి.

కర్ణాటక ‘భూమి’ ప్రాజెక్టు గురించి తప్పకుండా చదువు. దాదాపు 67 లక్షల మంది రైతులకి చెందిన 2 కోట్ల భూమి రికార్డులు, అప్పటిదాకా సుమారు 9,000 మంది గ్రామ లెక్కాధికారుల చేతిరాతలో ఉన్నవి, 2000 ప్రాంతంలో కంప్యూటర్లోకి ఎక్కాయి. అందులో నాకు నచ్చినవి రెండు. కౌంటర్ దగ్గర రైతు వైపు తిప్పిన ఇంకో తెర పెట్టారు, గుమాస్తా ఏం కొడుతున్నాడో ఆయనా చూడొచ్చు. భూమి చేతులు మారినప్పుడు పెట్టే పేరు మార్పిడి దరఖాస్తులు వచ్చిన వరసలోనే తీయాలి, వెనకదాన్ని ముందుకి జరపడానికి వీల్లేదు. లంచం గురించి ఎంత ఉపన్యాసం ఇచ్చినా రాని ఫలితం ఆ వరసతో కొంతైనా వస్తుంది. ఇంకో వైపు కూడా ఉంది. రికార్డు అందరికీ కనిపించేలా అయ్యాక, పెద్ద ఎత్తున భూములు కొనేవాళ్లకే అది ఎక్కువ కలిసొచ్చిందని బెంగళూరు చుట్టుపక్కల పరిశీలించినవాళ్లు రాశారు. నువ్వు తెరిచే తలుపులోంచి ఎవరెవరు లోపలికి వస్తారో కూడా ఒకసారి ఊహించుకో.

వేలిముద్రల గురించి గట్టిగానే చెబుతాను. జీవితమంతా చేతులతో పనిచేసినవాళ్ల వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. నీ పెన్షన్లు తీసుకునేవాళ్లలో ఎక్కువమంది వాళ్లే. నూటికి ఇద్దరికి పడకపోయినా, లక్ష మందిలో రెండు వేల మంది ఉత్త చేతులతో ఇంటికి వెళ్తారు. 2018 సెప్టెంబరులో ఆధార్ మీద తీర్పు ఇస్తూ మన సుప్రీంకోర్టు కూడా, గుర్తింపు సరిపోలలేదని అర్హుడికి రావలసింది ఆగకూడదంది. కోర్టు అన్నంత మాత్రాన కౌంటర్లో ఉన్న కుర్రాడికి ఆ అధికారం వచ్చేయదు. సాఫ్ట్‌వేర్లో ఆ బటన్ ఉండాలి. వేలిముద్ర పడకపోతే అక్కడికక్కడే సంతకంతోనో, ఇద్దరు సాక్షులతోనో డబ్బు ఇచ్చే దారి పెట్టు. దాన్ని దుర్వినియోగం చేస్తారని అంటారు. చేస్తారు, కొందరు. నెలకోసారి ఆ జాబితా తనిఖీ చేయించు, అంతేగానీ దారే మూసేయకు.

జనం వివరాలు సేకరించే ముందు చట్టం కూడా చూసుకో. కెన్యాలో హుదుమా నంబరు అనే జాతీయ గుర్తింపు కార్డుల జారీ చెల్లదని 2021 అక్టోబరులో అక్కడి హైకోర్టు చెప్పింది, ఆ వివరాల వల్ల ప్రజలకి ఏ ముప్పు వస్తుందో ముందే అంచనా వేయలేదని. అప్పటికే కోట్ల మంది వివరాలు ఇచ్చేశారు. మతం, జబ్బులు, ఇంట్లో ఎంతమంది... పెన్షన్‌కి అక్కర్లేనిది ఏదీ అడగకు.

పైలట్, అంటే ముందు ఒకచోట చేసి చూసే ప్రయోగం, బాగా నడిచిందని పొంగిపోకు. పైలట్‌కి మంచి కలెక్టరు, కొత్త బ్యాటరీలు, వారానికోసారి వచ్చే ఇంజనీరు ఉంటారు. మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లాలో 2000లో మొదలైన, పల్లెల్లో కంప్యూటర్ కేంద్రాలు పెట్టిన జ్ఞానదూత్‌కి అదే ఏడాది స్టాక్‌హోం ఛాలెంజ్ అవార్డు వచ్చింది. తర్వాత్తర్వాత కరెంటు, కనెక్షన్ కష్టాలతో వాడకం తగ్గిపోయింది. అందుకే కొనుగోలు కంటే నిర్వహణకి ఎక్కువ డబ్బు అడుగు. కంపెనీతో ఒప్పందంలో, వాళ్లు వెళ్లిపోయినా డేటా, సోర్స్ కోడ్ మన దగ్గరే ఉంటాయని స్పష్టంగా రాయించు. నువ్వు సిగ్గుపడితే లాయరుని ముందుకి తోయి.

డ్యాష్‌బోర్డు ఎలాగూ అడుగుతారు. ఎన్ని దరఖాస్తులు మంజూరయ్యాయో పెద్ద అంకెల్లో చూపిస్తావు, సరే. దాని పక్కనే, అదే సైజులో, ఎన్ని తిరస్కరించారో, ఏ కారణంతోనో, వాటిలో ఎన్ని తిరిగి తేల్చారో పెట్టించు. ఒప్పుకోవడం కష్టమే, నాకు ఒక్కసారే ఒప్పుకున్నారు.

ఫారం చిత్తుప్రతి తయారయ్యాక నాకు పంపు, తప్పులు పడతాను. ప్రింటు తీసి పోస్టులో వేయి. స్క్రీన్ మీద చదివితే కళ్లు లాగుతున్నాయి.

ఇట్లు,
మామయ్య