ఆకలేస్తే అదే తింటుందని వదిలేయకండి: షుగర్ గ్లైడర్ల తిండి మార్పు

ప్రశ్న: మాది చంద్రగిరి మండలం. నాలుగు ఆవులు, కొంచెం మామిడి తోట ఉన్నాయి. బెంగళూరులో ఉద్యోగం చేసే మా పాప ఏడాది కిందట రెండు షుగర్ గ్లైడర్లను (ఉడతంత ఉండి, చెట్టు నుంచి చెట్టుకు గాలిలో తేలుతూ దూకే జంతువులు) తెచ్చుకుంది. ఇప్పుడు ట్రైనింగ్ కోసం వేరే ఊరికి పోతూ వాటిని మాకు అప్పజెప్పింది. ఇన్నాళ్లూ అరటిపండు, ద్రాక్ష, వేరుశనగ పప్పులు, తేనె కలిపిన చిన్నపిల్లల తిండిపొడి తిన్నాయి. అక్కడి డాక్టరు ఆ తిండి మంచిది కాదని చెప్పి గుడ్డు, తేనె కలిపే మిశ్రమం, పురుగులు, కాల్షియం పొడి రాసిచ్చారు. మూడు రోజుల కిందట పాతది పూర్తిగా ఆపి కొత్తది పెట్టాం. ఆకలేస్తే అదే తింటాయిలే అనుకున్నాం. సరిగా ముట్టడం లేదు. నిన్నటి నుంచి ఒకటి వెనక కాళ్లతో కొమ్మను పట్టుకోలేక జారుతోంది. ఆవులకు వేసే మినరల్ మిక్చర్ చిటికెడు కలపొచ్చా సార్?
– ఒక పాడి రైతు

జవాబు: మీరు చివర్లో రాసిన విషయానికే ముందు జవాబు చెప్పాలి. వెనక కాళ్లు జారుతున్న దాన్ని వెంటనే ఆసుపత్రిలో చూపించాలి. ఈ మాట మీకు ఫోన్లో అప్పుడే చెప్పాను. ఇలాంటి జంతువులను పెంచే మిగతా వాళ్లకూ పనికొస్తుందని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మీకు తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి దగ్గరే. వెళ్లేటప్పుడు రెండింటినీ ఒకే గుడ్డ సంచిలో పెట్టుకుని పోండి. ఇవి గుంపుగా బతికే జీవులు, విడదీస్తే భయంతోనే సగం చిక్కిపోతాయి. ఇన్నాళ్లూ ఏం తిన్నాయో కాగితం మీద రాసుకుని పోతే డాక్టరు పని తేలికవుతుంది.

రెండో మాట: ఈ రాత్రికే పాత తిండి మళ్లీ పెట్టండి. మంచిది కాని తిండిని మళ్లీ పెట్టమంటున్నాడేమిటని అనుకోవద్దు. కడుపు నిండా తిన్న జంతువుకే కొత్త తిండి అలవాటు చేయగలం.

ఆకలేస్తే అదే తింటుందనే మాట పశువుల దగ్గర మనకు అలవాటైంది. నాలుగు వందల కిలోల ఆవు ఒక పూట కొత్త గడ్డిని వాసన చూసి వదిలేసినా దాని ఒంట్లో నిల్వ ఉంటుంది. షుగర్ గ్లైడర్ బరువు అటూ ఇటూగా 100 గ్రాములు, బాగా పెరిగిన మగది 150 దాకా తూగుతుంది. రోజుకు తన బరువులో 15 నుంచి 20 శాతం తినాలి, అంటే పెద్ద చెంచాడు తిండి. ఆ చెంచాడు రెండు రాత్రులు తప్పితే అది ఆవు వారం రోజులు పస్తున్నట్టే. ఆకలికి చలి తోడైతే ఇవి ఒళ్లు చల్లబడి, ముడుచుకుని, చచ్చినట్టు పడి ఉంటాయి. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున అలా కనిపిస్తే పారేయకండి. గుడ్డలో చుట్టి మీ ఒంటి వేడి తగిలేలా పట్టుకోండి. పూర్తిగా లేచి కదిలాకే తేనె నీళ్లు నాకించండి. స్పృహ లేనప్పుడు నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

కాళ్లు ఎందుకు పడిపోతున్నాయో చెబుతాను. ఇది మూడు రోజుల పస్తుతో మొదలైంది కాదు, ఏడాదిగా లోపల జరుగుతోంది. ఈ జీవికి తిండిలో కాల్షియం భాస్వరానికి రెట్టింపు ఉండటం మంచిది. అరటిపండులో భాస్వరం కాల్షియం కన్నా నాలుగు రెట్లు ఎక్కువ. వేరుశనగలోనూ దాదాపు అంతే. ద్రాక్షలో రెట్టింపు. ఇలాంటి తిండి రోజూ పడితే రక్తంలో కాల్షియం తగ్గకుండా చూసే గ్రంథి ఎముకల్లోంచి దాన్ని లాగేస్తుంది. పైకి బొద్దుగా, చురుగ్గా కనిపిస్తూనే ఎముకలు గుల్లబారుతాయి. మీరు పాల జ్వరం చూసే ఉంటారు. ఈనిన ఆవు కూలబడితే నరంలోకి కాల్షియం ఎక్కించగానే చాలాసార్లు కొద్ది గంటల్లో లేచి నిలబడుతుంది. ఇక్కడ అంత తొందరగా ఫలితం ఆశించవద్దు. ఎముక మళ్లీ గట్టిపడటానికి వారాలు పడుతుంది. అందాకా దాన్ని ఎత్తయిన పంజరంలో ఎగరనివ్వకుండా, పొట్టి బోనులో మెత్తటి గుడ్డల మీద ఉంచండి. తోడుగా రెండోదాన్నీ అందులోనే పెట్టండి.

ఆవుల మినరల్ మిక్చర్ మాత్రం వద్దు, చిటికెడు కూడా వద్దు. అందులో కాల్షియంతో పాటు భాస్వరమూ ఉంటుంది. రాగి, జింకు లాంటివి ఆవు బరువుకు లెక్కగట్టి కలిపినవి. ఆ చిటికెడులో దేనిది ఎంత పడుతుందో మనం చెప్పలేం. ఆసుపత్రిలో రాసిచ్చిన కాల్షియం, డి3 విటమిన్ మాత్రమే, చెప్పిన చుక్కల లెక్కన ఇవ్వండి. రాత్రిపూట తిరిగే జంతువు కాబట్టి ఎండ మీద ఆధారపడలేం, డి3 తిండిలోనే అందాలి. మన ఇళ్లలో అందరూ అడిగే రాగి సంగటి సంగతీ చెప్పేస్తాను. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న మాట నిజమే. కానీ భాస్వరం కూడా 200 పైనే ఉంటుంది, గింజలోని ఫైటేట్ అనే పదార్థం కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వకుండా పట్టేసుకుంటుంది. మనకు బలం, వాటికి మందు కాదు. ఆవు పాలు కూడా పోయకండి, పారుకుంటాయి.

ఇక తిండి మార్చే పద్ధతి. అడవిలో ఇవి ఏం తింటాయో తెలిస్తే ఇది సులువుగా అర్థమవుతుంది. ఆస్ట్రేలియా, న్యూగినీ అడవుల్లో చెట్టు బెరడు కొరికి కారే రసం, తుమ్మ జాతి చెట్ల బంక, పూల తేనె, పుప్పొడి, పురుగులు తింటాయి. పండ్లు వాటి అసలు తిండి కాదు. ఆ బంకను పులియబెట్టి అరిగించుకోవడానికి వాటి పేగులో పెద్ద సంచి లాంటి భాగం ఉంటుంది. ఆవు కడుపులో సూక్ష్మజీవులు ఉన్నట్టే అక్కడా ఉంటాయి. పచ్చిగడ్డి నుంచి ఎండు మేతకు ఒక్కరోజులో మారిస్తే ఆవుకు అజీర్తి ఎందుకొస్తుందో, వీటికీ అందుకే విరేచనాలు వస్తాయి.

డాక్టరు రాసిచ్చినది బహుశా లెడ్‌బీటర్ మిశ్రమం అయి ఉంటుంది. 150 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు, 150 మిల్లీలీటర్ల తేనె, పెంకు తీసిన ఉడికిన గుడ్డు ఒకటి, ప్రొటీన్ ఎక్కువున్న పిల్లల తిండిపొడి 25 గ్రాములు, ఒక టీస్పూను విటమిన్, ఖనిజాల పొడి. ఇవి మెత్తగా రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకుంటారు. తిండిలో సగం ఇది, మిగతా సగం పురుగులు తినే జంతువులకు చేసిన ప్రొటీన్ తిండి. పండు రుచికి ఒక ముక్క మాత్రమే.

ఇందులో మీకు కలిసొచ్చే విషయం ఒకటుంది. పాత తిండిలోనూ కొత్త మిశ్రమంలోనూ తేనె, పిల్లల పొడి రెండూ ఉన్నాయి. వాటికి కొత్తగా అనిపిస్తున్నది గుడ్డు వాసన, కాల్షియం పొడి రుచి. కాబట్టి అలవాటైన తేనె పొడిలోనే కొత్త మిశ్రమాన్ని మొదటి మూడు రాత్రులు పావు టీస్పూను కన్నా మించకుండా కలపండి. గిన్నె మార్చవద్దు, పెట్టే చోటు మార్చవద్దు, పొద్దుగూకాక పెట్టే వేళ కూడా మార్చవద్దు. తిన్నాయంటే నాలుగైదు రోజులకోసారి పావు వంతు పెంచండి. ఇలా మూడు వారాలు పడుతుంది, నెల పట్టినా తొందరపడకండి. అరటిపండును ముక్కలుగా పెడితే దాన్ని ఏరుకుని మిగతాది వదిలేస్తాయి. ఆవు ఆకు తిని కాడ వదిలేస్తోందని మీరు గడ్డిని ముక్కలు కొట్టి కలిపేస్తారు కదా, ఇదీ అంతే. అరటిపండును మిశ్రమంలో మెదిపేయండి, వారానికి కొంత తగ్గిస్తూ పోండి. దాని చోట బొప్పాయి పెట్టవచ్చు, అందులో కాల్షియం భాస్వరానికి రెట్టింపు. వేరుశనగ, ద్రాక్ష ఒకేసారి ఆపకుండా, సాయంత్రం చేతిలోంచి తినిపించే ఒక్క పలుకుగా మిగిల్చి, మెల్లగా మాన్పించండి.

పురుగుల విషయంలో మీ మామిడి తోట వైపు చూడొద్దు. మందు కొట్టిన తోటలో మిడత బతికే ఉన్నా దాని ఒంట్లో మందు ఉండొచ్చు, 100 గ్రాముల జంతువుకు ఆ కాస్త చాలు. తొలివానకు వీధి దీపాల కింద పడే ఉసిళ్లనూ ఏరి పెట్టకండి. పెంచిన పురుగులే కొనండి. వాటికి కూడా ముందురోజు కాల్షియం కలిపిన మేత వేసి, తర్వాత పెట్టండి. లేదంటే పురుగులోనూ భాస్వరమే ఎక్కువ. మొదట నలిపి మిశ్రమంలో కలిపితే భయపడకుండా రుచి చూస్తాయి.

మార్పు సరిగా సాగుతోందో లేదో గిన్నెను చూసి చెప్పలేం. రాత్రి చిందరవందర చేస్తాయి, తిన్నట్టే కనిపిస్తుంది. గ్రాముల్లో తూచే వంటింటి తూకం ఒకటి కొనండి. రోజూ సాయంత్రం తిండి పెట్టకముందు సంచితో సహా ఒక్కొక్కదాన్నీ తూచి, సంచి బరువు తీసేసి రాసుకోండి. 100 గ్రాముల జంతువు ఐదు గ్రాములు తగ్గితే ఒక మెట్టు వెనక్కి వెళ్లండి, పాతది పెంచండి. పది గ్రాములు తగ్గితే మార్పు ఆపి డాక్టరుకు చూపించండి. రెట్ట కాస్త మెత్తబడితే పరవాలేదు. నీళ్లలా పారితే తెల్లారేదాకా ఆగవద్దు, ఇంత చిన్న ఒంట్లో నీరు ఒక్క రోజులోనే ఆవిరైపోతుంది. ఒకటి తన తోకనో కాలినో కొరుక్కుంటోందంటే టెన్షన్‌లో ఉందని అర్థం, అప్పుడు కూడా మార్పు ఆపాలి.

మన ఎండల్లో ఇంకో జాగ్రత్త. తేనె, గుడ్డు కలిసిన తిండి వేడికి తొందరగా పులిసిపోతుంది. రాత్రి ఎనిమిదికి సగం, పడుకునే ముందు సగం పెట్టి, తెల్లారగానే గిన్నె తీసి వేడినీళ్లతో కడగండి. గది 31 డిగ్రీలు దాటితే ఇవి తట్టుకోలేవు. రేకుల కొట్టంలో, ఆవుల పాకలో పెట్టకండి. ఇంట్లో చల్లగా ఉండే గదిలో పెట్టండి, ఫ్యాను గాలి నేరుగా తగలనివ్వకండి.

ఈ విషయాలన్నీ మీ పాపతో కూడా ఫోన్లో మాట్లాడండి. ఆమె కట్టుకున్న పాత చున్నీనో టీషర్టునో పంజరంలో వేస్తే తెలిసిన వాసనకు కాస్త కుదుటపడి తింటాయి. రెండు వారాలయ్యాక తూకాలు రాసిన కాగితం నాకు పంపండి. అక్కడి నుంచి కొత్త మిశ్రమం ఎంతకు పెంచాలో, కాళ్లు జారే దాన్ని మళ్లీ ఎప్పుడు ఎక్స్‌రే తీయించాలో చూసి చెబుతాను.