సీన్ పేపర్ నుంచి సెకండ్ షో దాకా: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన స్క్రిప్టు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. దానితో పాటు రాసిన ఉత్తరంలో, కథ రాయడం వరకే రచయిత పని అనీ, బడ్జెట్టు, బిజినెస్సు, పబ్లిసిటీ, థియేటర్లు చూసుకోవడానికి వేరే మనుషులు ఉన్నారు కదా అనీ అన్నావు. నవల రాసేవాడి విషయంలో ఆ మాట చాలావరకు చెల్లుతుంది గాని సినిమాకు రాసేవాడి విషయంలో చెల్లదు. నువ్వు రాసిన కాగితాన్ని ప్రేక్షకుడు ఎన్నడూ చూడడు. నిర్మాత, దర్శకుడు, ప్రొడక్షన్ మేనేజరు, నటులు, ఎడిటరు, సెన్సారు సభ్యులు, బయ్యర్లు, ట్రైలర్ కట్ చేసే కుర్రాడు, థియేటరు యజమాని, ఇంతమంది చేతులు దాటిన తర్వాతే అది తెర మీదికి వస్తుంది, ఆ చేతుల్లో ప్రతి ఒక్కటీ ఏదో ఒకటి మార్చమనే అంటుంది. ఎవరు ఏ అవసరం కొద్దీ అడుగుతున్నారో తెలిసిన రచయిత ఆ అవసరాన్ని కథలోంచే తీర్చగలడు. తెలియనివాడు అన్నిటికీ తలూపుతాడు, లేదా అన్నిటికీ అలుగుతాడు. రెండు రకాల వాళ్లనూ చూశాను, ఇద్దరి సినిమాలూ చివరికి ఒకే రకంగా పాడవుతాయి.

నీ స్క్రిప్టులో నాకు అన్నిటికన్నా నచ్చిన సంత సీన్‌నే తీసుకుందాం. అప్పు తీర్చడానికి కొడుకు తండ్రికి చెప్పకుండా ఎద్దుల జతను అమ్మేస్తాడు. వెతుక్కుంటూ వచ్చిన తండ్రికి కొడుకు చేతిలో ఎద్దు మెడలోని మువ్వల పట్టెడ మాత్రం కనబడుతుంది. సీన్ హెడింగులో నువ్వు "పశువుల సంత, ఆరుబయట, రాత్రి, జోరువాన" అని రాసుకున్నావు. ఆ ఒక్క వరుసను ప్రొడక్షన్ మేనేజరు ఎలా చదువుతాడో చెబుతాను. ఆరుబయట రాత్రి అంటే జనరేటరు, ఎత్తున బిగించిన పెద్ద లైట్లు, నైట్ కాల్షీటు. జోరువాన అంటే రెయిన్ మెషీన్లు, నీళ్ల ట్యాంకర్లు, వాన తెర మీద కనబడాలంటే వెనకనుంచి పడవలసిన వెలుగు, తడిసిన బట్టలతో రెండో టేకు మొదలుపెట్టలేరు గనుక ఇద్దరు నటులకూ ఒకే రకం దుస్తులు నాలుగైదు జతలు. సంత అంటే జూనియర్ ఆర్టిస్టులు, వాళ్లను తీసుకువచ్చే బస్సులు, రెండు పూటల భోజనాలు. ఎద్దులు అంటే జంతు సంక్షేమ మండలికి ముందుగా దరఖాస్తు, సినిమా సెన్సారుకు వెళ్లే నాటికి ఆ మండలి ఇచ్చిన నిరభ్యంతర పత్రం.

చిన్న సినిమాలో ఇంత ఖర్చు పుట్టదు. అప్పుడు మేనేజరు వచ్చి, దీన్ని పగటిపూట ఇంటి వసారాలో తీసేద్దాం అంటాడు. దర్శకుడు అలసిపోయి ఉంటే సరే అంటాడు, నీ సీన్ చచ్చిపోతుంది. నువ్వే ముందుగా ఆలోచించి ఉంటే, సంత పక్కన ఉన్న రేకుల షెడ్డులోకి సీన్‌ను మార్చేవాడివి. రేకుల మీద వాన చప్పుడు మిక్సింగులో వేసుకోవచ్చు, గుమ్మంలో నాలుగు ధారలు కారితే చాలు, ఎద్దులు కనబడనక్కర లేదు, దూరమవుతున్న లారీ చప్పుడు వినబడితే సరిపోతుంది. ఆ సీన్‌కు ప్రాణం తండ్రి చూపు పట్టెడ మీద ఆగిన క్షణంలో ఉంది గనుక ఆ క్షణాన్ని మాత్రం ఎవరు అడిగినా ఇవ్వకు. ఆ చూపు తర్వాత నువ్వు రాసిన మౌనాన్ని తగ్గించి రెండు డైలాగులు పెట్టమని తప్పకుండా అడుగుతారు. వాన వదులుకున్న రచయిత మాట అక్కడ నెగ్గుతుంది, అన్నిటికీ పట్టుబట్టిన వాడి మాట నెగ్గదు.

ఏది చూపించకూడదో ముందే తేల్చుకోవడం కూడా రచనలో భాగమే. 1957లో వచ్చిన "మాయాబజార్" గుర్తు చేసుకో. పాండవుల బంధువుల ఇంటి కథ చెబుతూ ఆ సినిమా పాండవులను ఒక్కసారైనా తెర మీదికి తీసుకురాలేదు. అది ఖర్చు తగ్గించడానికి చేసిన పని అనుకోను. కథ శశిరేఖ పెళ్లిది, ధర్మరాజు వచ్చి కూర్చుంటే బరువు అటు ఒరిగిపోతుంది. దర్శకుడు కె.వి. రెడ్డి, రచయిత పింగళి నాగేంద్రరావు ఆ నిర్ణయాన్ని కాగితం మీదే తీసుకున్నారని సినిమా చూస్తేనే తెలుస్తుంది. ఎడిటింగు టేబుల్ మీద అలాంటి ఆలోచన పుట్టదు.

షూటింగు సంగతి నీకు కొంత తెలుసు కాబట్టి ఎక్కువ రాయను. కొబ్బరికాయ కొట్టిన రోజు నుంచి గుమ్మడికాయ కొట్టే రోజు దాకా సీన్లు కథ వరుసలో తీయరు, నటుల డేట్లూ లొకేషనూ చెప్పిన వరుసలో తీస్తారు. క్లైమాక్సులో ఏడ్చే తండ్రి పాత్రధారి ఆ ఏడుపును రెండో రోజే ఏడవవలసి రావచ్చు. అందుకని ప్రతి సీన్ పేపరూ విడిగా చదివినా, ఆ మనిషి ఎక్కడి నుంచి ఏ మనఃస్థితితో వస్తున్నాడో అర్థమయ్యేలా పైన ఒక వాక్యం రాయి. సెట్లో కూర్చుని డైలాగులు రాసే అలవాటు మాత్రం చేసుకోకు, మన పరిశ్రమలో అది గొప్పగా చెప్పుకునే జబ్బు.

డబ్బింగు దగ్గర నువ్వు తప్పనిసరిగా ఉండాలి. మన సినిమాల్లో ఎక్కువ భాగానికి మాటలు తర్వాతే రికార్డు చేస్తారు కనుక, తీసిన సీన్‌లో మాట మార్చడానికి రచయితకు దొరికే ఆఖరి అవకాశం అదే. కాని నటుడి పెదవులు అప్పటికే కదిలి ఉన్నాయి. ప, ఫ, బ, భ, మ పలికేటప్పుడు పెదవులు మూసుకుంటాయి, కొత్త మాటలో కూడా సరిగ్గా అక్కడే అలాంటి అక్షరం పడకపోతే క్లోజప్పులో అబద్ధం కనబడిపోతుంది. "పోనీలే నాన్నా" అన్న చోట "సరేలే నాన్నా" అనిపించలేవు, "మానెయ్ నాన్నా" అనిపించవచ్చు. ఈ లెక్క తెలిసిన రచయితను ఎడిటరు కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటాడు.

ఇక నువ్వు చూడనక్కర లేదనుకున్న వైపు చూద్దాం. సినిమా ప్రణాళిక నిజానికి థియేటరు నుంచి వెనక్కి నడుస్తుంది. ప్రేక్షకుడు 177 రూపాయలు పెట్టి టికెట్టు కొంటే అందులో 27 రూపాయలు జీఎస్టీ కింద పోతాయి. మిగిలిన 150లో మల్టీప్లెక్సు అయితే శాతం లెక్కన తన వాటా ఉంచుకుంటుంది, సింగిల్ థియేటరు అయితే చాలాచోట్ల వారానికి ఇంత అని అద్దె తీసుకుంటుంది. ఈ అద్దె పద్ధతి వద్దు, మాకూ శాతమే కావాలి అని 2025 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల సింగిల్ థియేటర్ల వాళ్లు పట్టుబట్టి, ఆటలు ఆపేస్తామనే దాకా వెళ్లారు. అవన్నీ పోగా మిగిలేది షేర్. పోస్టరు మీద పెద్ద అక్షరాలతో వేసేది గ్రాస్, అంటే ఏదీ తీసివేయని మొత్తం వసూలు. ఈ రెండు అంకెల మధ్య ఎంత దూరం ఉందో నిర్మాతకు తెలుసు కాబట్టే, నీ కథ వినగానే అతని మనసులో నైజాం అంటే తెలంగాణ ఎంత, సీడెడ్ అంటే రాయలసీమ ఎంత, ఉత్తరాంధ్ర ఎంత, గోదావరి జిల్లాలు, కృష్ణా, గుంటూరు, నెల్లూరు ఎంత, ఓవర్సీస్ ఎంత అనే కూడిక మొదలవుతుంది. 1800లో నిజాము ఇంగ్లీషు వాళ్లకు వదిలిన జిల్లాలను మన సినిమా లెడ్జర్లు ఇప్పటికీ సీడెడ్ అనే పిలుస్తున్నాయి, వ్యాపారం చరిత్రను ఎంత గట్టిగా పట్టుకుంటుందో చూడు.

ఆ ఏరియా హక్కులు కొనే బయ్యరు మినిమం గ్యారంటీ మీద, అంటే ఆడినా ఆడకపోయినా ఇంత ఇస్తానని కొంటే నష్టం అతనిది, తిరిగి రాబట్టుకునే అడ్వాన్సు మీద తీసుకుని కమీషనుకు ఆడిస్తే నష్టం నిర్మాతది. ఎవరి నెత్తిన నష్టం ఉంటే వాళ్ల మాట కథలో వినబడుతుంది. బయ్యరు ఇంటర్వెల్ ఏమిటి అని అడిగితే చులకనగా నవ్వకు. అర్థం లేని ప్రశ్న కాదది. సింగిల్ థియేటరుకు క్యాంటీనూ పార్కింగూ ముఖ్యమైన ఆదాయం, మన ప్రేక్షకుడు సగంలో లేచి బయటికి వెళ్లి, టీ తాగుతూ పక్కవాడితో మాట్లాడి, మళ్లీ వచ్చి కూర్చుంటాడు. ఆ పదిహేను నిమిషాలు అతను ఏం మాట్లాడుకుంటాడన్నది నువ్వు రాయవలసిన విషయం. హీరో పదిమందిని కొట్టి నిలబడితే దాన్ని ఇంటర్వెల్ బ్యాంగ్ అంటున్నారు గాని, కొట్టడం అయిపోయాక మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు. నీ స్క్రిప్టులో విరామం అప్పులవాడి బెదిరింపు దగ్గర పడింది. దాన్ని నాలుగు సీన్ల తర్వాతికి జరిపి, కొడుకు ఎద్దులను తోలుకుని బయలుదేరిన చోట ఆపు. తండ్రికి ఎప్పుడు తెలుస్తుందా అనే మాట క్యాంటీను దాకా వెళుతుంది.

నిడివి కూడా అంతే. మామూలుగా సింగిల్ థియేటరుకు రోజుకు నాలుగు ఆటలు. మూడు గంటలు దాటిన సినిమాకు ప్రకటనలూ విరామమూ కలిపితే సెకండ్ షో అర్ధరాత్రి దాటాక గాని వదలదు, చుట్టుపక్కల పల్లెల నుంచి పిల్లలతో వచ్చేవాళ్లు ఆ ఆట మానేస్తారు. నువ్వు రాసింది నా లెక్కన మూడు గంటల పది నిమిషాలు వస్తుంది. కత్తిరించే పని ఎడిటరుకు వదిలేస్తే అతను తన అవసరం కొద్దీ కత్తిరిస్తాడు. మేనమామ ఉపకథను నువ్వే తీసెయ్.

సెన్సారు గురించి రెండు మాటలు. 2023లో చట్టాన్ని సవరించి, పెద్దల మార్గదర్శనంలో పిల్లలు చూడవచ్చనే యు/ఎ సర్టిఫికెట్టును 7, 13, 16 ఏళ్ల వయసులవారీగా విడదీశారు. నీది ఇంటిల్లిపాదీ చూడవలసిన కథ, దానిలో అప్పులవాడి నోట ఉన్న బూతులు మూడింటిని తీసేసినా అతని క్రౌర్యం తగ్గదు. అవి మూగపోయిన శబ్దంగా థియేటర్లో వినబడటం కన్నా నువ్వే మంచి మాట వెతుక్కోవడం మేలు.

పబ్లిసిటీ అనేది సినిమా పూర్తయ్యాక మొదలయ్యే పని అని నువ్వు అనుకుంటున్నావు. మంచి పబ్లిసిటీ కథలోనే ఉంటుంది. "బాహుబలి" మొదటి భాగం 2015 జూలై 10న వచ్చింది, రెండోది 2017 ఏప్రిల్ 28న వచ్చింది. ఆ దాదాపు రెండేళ్ల పాటు కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు అని దేశమంతా అడుగుతూనే ఉంది. అంత ప్రచారాన్ని ఏ కంపెనీ డబ్బు పెట్టి కొనలేదు, కథను ఎక్కడ ఆపాలి అనే ఒక్క నిర్ణయమే దాన్ని తెచ్చిపెట్టింది. అంతటి సినిమా నీది కాకపోవచ్చు, కాని ఏ ప్రశ్న బయటికి చెప్పాలి, ఏ జవాబు హాల్లోనే దొరకాలి అన్నది నీకు తెలిసినంతగా ట్రైలర్ కట్ చేసేవాడికి తెలియదు. అతనికి ఫైనల్ కాపీ కూడా అప్పటికి చేతికి రాదు. పట్టెడ కనబడిన తండ్రి ముఖం అతనికి బంగారంలా కనిపించి ట్రైలర్లో పెట్టేస్తాడు. వద్దని నువ్వే చెప్పాలి, చెప్పి ఊరుకోకుండా దాని బదులు మరొక షాటు చూపించాలి.

ఇంకొక ప్రమాదం ఉంది. బరువైన కథకు జనం రారన్న భయంతో, ఉన్న నాలుగు జోకులనూ ఏరి ట్రైలర్ నింపుతారు. దాన్ని నమ్మి మార్నింగ్ షోకు నవ్వుకోవడానికి వచ్చినవాళ్లు మ్యాట్నీ టైముకల్లా బాగాలేదనే టాక్ మోసుకెళతారు. వాళ్లది తప్పు కాదు, పిలిచినవాడిది తప్పు. పైగా ఇప్పుడు టాక్ మార్నింగ్ షో దాకా ఆగడం లేదు. అమెరికాలో ముందురోజు సాయంత్రం వేసే ప్రీమియర్లు మనకు తెల్లవారుజామున పడతాయి, ఇక్కడి ప్రేక్షకుడు పళ్లు తోముకునేలోగా ఫోనులో తీర్పు సిద్ధంగా ఉంటుంది. ఇలాంటి కాలంలో చిన్న సినిమాను కాపాడేది సరైన ప్రేక్షకులకు ముందుగా చూపించడమే. విడుదలకు రెండు మూడు రోజుల ముందు కొన్ని ఊళ్లలో టికెట్టు పెట్టి ప్రీమియర్లు వేస్తున్నారు చూడు, నీ సినిమాకు అదే దారి అని నా అభిప్రాయం. ఆ ఊళ్లు వ్యవసాయం చుట్టూ బతికే పట్టణాలు కావాలి, ఎద్దుల్ని అమ్ముకోవడం అంటే ఏమిటో చెప్పనవసరం లేని చోట్లు.

సినిమా విడుదలయ్యాక ఒక వారం ఏ పనీ ఒప్పుకోకు. వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు ఆటలకు, వెనక వరుసలో కూర్చో. తెరను చూడకు, నీకు అది కంఠస్థం. తలలను చూడు. ఫోను వెలుగు ఎక్కడెక్కడ వెలిగిందో నిమిషంతో సహా రాసుకో. ఒకే చోట మూడు ఊళ్లలో వెలిగితే ఆ సీన్ నీదైనా సరే, తప్పు సీన్‌దే. జనం నవ్వని జోకు కన్నా, జనం నవ్విన విషాదం నీకు ఎక్కువ నేర్పుతుంది.

చివరిగా కాగితాల సంగతి, దీన్ని మొహమాటంతో వదిలెయ్యకు. కథ ఎవరికైనా చెప్పే ముందు మన రచయితల సంఘంలో రిజిస్టరు చేయించు, సీన్ల వారీగా, వివరంగా. ఆలోచనకు కాపీరైటు ఉండదని, దాన్ని విస్తరించి రాసిన తీరుకే ఉంటుందని 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. నోటితో చెప్పిన కథ లైను పోతే అడిగే దిక్కు లేదు. అలాగే 2012లో కాపీరైటు చట్టానికి చేసిన సవరణ ప్రకారం, సినిమాలో చేరిన రచన థియేటర్లో కాకుండా ఇతర మార్గాల్లో వాడుకలోకి వచ్చినప్పుడు రాయల్టీలో వాటా పొందే హక్కును రచయిత నిర్మాతకు రాసిచ్చినా చెల్లదు. సమస్త హక్కులూ శాశ్వతంగా అనే వాక్యం ఒప్పందంలో కనబడితే ఈ సంగతి మర్యాదగా గుర్తు చెయ్యి. టైటిల్స్‌లో నీ పేరు ఎక్కడ, ఏ హోదాతో పడుతుందో, ఎన్ని వెర్షన్లు రాయాలో, ఏ వెర్షనుకు ఎంత చెల్లిస్తారో అందులోనే రాయించుకో.

సంత సీన్‌ను షెడ్డులోకి మార్చి, ఇంటర్వెల్‌ను జరిపి, మేనమామను తీసేసి ఈ నెలాఖరులోగా పంపు. ఒప్పందం కాగితం వస్తే సంతకం పెట్టకముందే ఒక కాపీ నాకూ, ఒకటి ఎవరైనా లాయరుకూ చూపించు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి