సర్ఫింగ్ బోర్డు మీద లేవగానే పడిపోతున్నాను, బ్యాలెన్స్ ఎలా వస్తుంది?

మీ ప్రశ్న చదువుతుంటే నాలుగేళ్ల కిందటి నా గోడు చదువుకున్నట్టుంది. రెండు సెకన్లు నిలబడటం, దబ్బున పడటం, ముక్కులోకి ఉప్పునీళ్లు. అందరూ బ్యాలెన్స్ పెంచుకో అంటారు. మీ బ్యాలెన్స్‌కి ఏ జబ్బూ లేదండీ. ఉన్నదల్లా చూపులో, ఆ తర్వాత మోకాళ్లలో.

నేను నేర్చుకున్నది చెన్నై దగ్గర కోవళంలో. కేరళది కాదు, ఈ ముక్క చెప్పకపోతే మా బంధువులు త్రివేండ్రం టికెట్లు వెతుకుతారు. అప్పటికి నాకు 38 ఏళ్లు, హైదరాబాద్‌లో కుర్చీ ఉద్యోగం. మొదటి రెండు రోజులు ఒకచోట చేరాను, పేరెందుకులెండి. వాళ్లు వెనకనుంచి బోర్డు తోస్తారు, మనం లేచిన అరసెకనులో ఫొటో కొడతారు, సాయంత్రం దానికి వేరే డబ్బులడుగుతారు. ఫొటోలో నేను మహావీరుణ్ణి. తర్వాతి అరసెకను ఎవడూ తీయడు.

మూడో రోజు ఇంకో కుర్రాడి దగ్గరికి వెళ్లా. జాలరి కుటుంబం, ఇరవై ఏళ్లుంటాయేమో. ఇసకలో నిలబెట్టి, చెప్పాపెట్టకుండా వెనకనుంచి తోశాడు. పడకుండా కుడికాలు ముందుకేశా. "మీరు గూఫీ సార్" అన్నాడు. అంటే కుడికాలు ముందుండే రకం. అంతకుముందు రెండు రోజులూ అందరితోపాటు నాకూ ఎడమకాలే ముందు పెట్టించారు! బోర్డు మన నుంచి కొట్టుకుపోకుండా ఉంచే లీష్ తాడు వెనక కాలికి కట్టాలి కదా, అదీ తప్పు కాలికే.

నీళ్లలోకి దిగాక ఒకటే పాట: "కీళ పాక్కాదీంగ సార్." కిందికి చూడొద్దని. చూడనంటూనే చూసేవాణ్ణి. పాదాలు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోవాలిగా! తల వంగితే నడుం వంగుతుంది, బరువు ముందుకు పోతుంది, బోర్డు ముక్కు నీళ్లలో గుచ్చుకుంటుంది. ఏడెనిమిది సార్లయ్యాక వాడికి విసుగొచ్చి, ఒడ్డున టీ తాగుతున్న తమ్ముడికి కేకేశాడు. ఆ పిల్లాడు చెయ్యెత్తి వేళ్లు చూపిస్తాడట, ఎన్నో నేను చెప్పాలట.

విరిగిన అల తాలూకు నురగ వచ్చి తగిలింది. అరచేతులు పక్కటెముకల దగ్గర బోర్డుకి ఆనించి ఒక్క ఊపున లేచా. (అంచులు పట్టుకోకండి, బోర్డు ఒరుగుతుంది. మోకాళ్ల మీద ఆగి లేచే అలవాటూ వద్దు, తర్వాత చచ్చినా పోదు.) పిల్లాడి చెయ్యి వెతుక్కుని "మూడు!" అని అరిచా. ఇంకా నిలబడే ఉన్నానని అప్పుడు తెలిసింది. తెలియగానే కిందికి చూశా. పడ్డా.

"రెండే సార్" అన్నాడు వాడు.

ఇక మోకాళ్లు. కొత్తవాళ్లంతా చెంబు పట్టుకెళ్లిన మనిషిలా కాళ్లు చాపి, పిర్రలు వెనక్కి తోసి, నడుం వంచుతారు. వంగాల్సింది మోకాళ్లు. వెనక మోకాలు కాస్త లోపలికి, పాదాలు బోర్డు నడిగీతకి అడ్డంగా, ముందుది బోర్డు మధ్యకి దగ్గర్లో, వెనకది అడుగున ఫిన్స్ (చేప రెక్కల్లాంటివి) ఉన్నచోటికి కొంచెం ముందు. బోర్డు ఎనిమిది తొమ్మిది అడుగుల ఫోమ్‌దే తీసుకోండి. పొట్టి బోర్డు షోకు తర్వాత.

అసలు ఇదంతా మా భీమిలి వైపు తెప్పల మీద నిలబడి తెడ్డేసేవాళ్లని చూసిన నాకు తట్టాల్సింది. వాళ్లలో ఒక్కడూ కాళ్లకేసి చూడగా నేను చూడలేదు. మనవాళ్లకి సముద్రమంటే ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, మొక్కజొన్న పొత్తు తిని, "లోపలికి పోకురా" అనడం. టోక్యో ఒలింపిక్స్ నుంచి సర్ఫింగ్ కూడా ఉంది మామయ్యా అంటే, "మన కబడ్డీ లేదుగా" అన్నారాయన. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

ఆన్‌లైన్‌లో అమ్మే బ్యాలెన్స్ బోర్డు మాత్రం కొనకండి. నేను కొన్నదాని మీద ఇప్పుడు మా ఆవిడ చెప్పులు పెడుతోంది.