ఆ తెల్ల మందు ఆపించమంటారా?

ప్రశ్న: మా కోడలికి 29 వారాలకే కాన్పయింది. మనవరాలు 1,120 గ్రాములు. తొమ్మిది రోజులుగా హైదరాబాద్‌లో ఎన్‌ఐసీయూలో (పసికందుల ఇంటెన్సివ్ కేర్) ఉంది. చేతి నరంలోంచి ఓ పసుపు సీసా, పాలలాంటి తెల్ల మందు ఎక్కిస్తున్నారు. దీనివల్ల రక్తంలో ఇన్ఫెక్షన్ రావచ్చని చెప్పి సంతకం పెట్టించుకున్నారు. ఒకటే టెన్షన్. అది ఆపి పాలే పట్టమని అడగమంటారా?
– ఓ నాయనమ్మ, తణుకు

జవాబు: అలా అడగకండమ్మా. ఆ తెల్లది మందు కాదు, తిండి. నూనెను సన్నటి తుంపరలుగా నీళ్లలో కలిపిన కొవ్వు. పసుపు సీసాలో గ్లూకోజు, ప్రొటీన్, విటమిన్లు ఉంటాయి. అంత చిన్న పేగు పాలన్నీ ఒక్కసారిగా అరిగించుకోలేదు. అందాకా బిడ్డకు అదే అన్నం. ఆపితే కరగడానికి ఒంట్లో నిల్వలు కూడా లేవు.

ముప్పు ఎక్కువగా సీసాలో కాదు, దారిలో ఉంది. చేతి నరంలో పెట్టిన ఆ గొట్టం (లైన్ అంటాం) కొస గుండె దగ్గరిదాకా వెళ్తుంది. బయటి మూతను ముట్టుకున్న ప్రతిసారీ మన చేతి మీది క్రిములకు సందు దొరుకుతుంది. పైగా కొవ్వంటే క్రిములకూ ఇష్టమే, అందుకే కొవ్వు సీసా నుంచి లైన్‌దాకా వచ్చే బయటి గొట్టాన్ని 24 గంటలకోసారి మారుస్తాం.

నేను ట్రైనింగ్‌లో ఉండగా, డ్యూటీ మారే హడావుడిలో ఒకరు మూత తుడవకుండానే సిరంజి పెట్టడం చూశాను. సీనియర్ కదా అని నోరు మెదపలేదు. మూడో రోజు ఆ బిడ్డకు ఊపిరి ఆగి ఆగి ఆడింది, కల్చర్‌లో (రక్తంలో క్రిముల కోసం చేసే పరీక్ష) క్రిమి బయటపడింది. దానివల్లేనని రుజువేం లేదు. అయినా ఇప్పటికీ ఆ మూతను స్పిరిట్‌తో రుద్దుతూ పదిహేను దాకా పైకే లెక్కపెడతాను. సిస్టర్లు నవ్వుకుంటారు, నవ్వుకోనీండి.

మీరు అడగాల్సింది వేరే ఉంది. "ఈ లైన్ ఇవాళ కూడా అవసరమేనా డాక్టర్?" అని రోజూ అడగండి. పాలు కిలో బరువుకు రోజుకు 100–120 మి.లీ. దాకా తట్టుకుంటే మామూలుగా లైన్ తీసేస్తారు. ఆ రోజు త్వరగా రావడం చాలావరకు మీ కోడలి పాల మీదే ఉంది. రెండు మూడు గంటలకోసారి పిండమనండి. చెంచాడే వచ్చినా పారబోయొద్దు. చాలకపోతే వేరే తల్లులు ఇచ్చిన పాలు దొరికే పాల బ్యాంకు సంగతి అడగండి, హైదరాబాద్‌లోని నీలోఫర్ ఆసుపత్రిలో 2017 నుంచి ఉంది.

బిడ్డ డల్‌గా ఉన్నా, రంగు మారినా సిస్టర్‌కు వెంటనే చెప్పండి. మీరు లోపలికెళ్లేటప్పుడు గాజులు, ఉంగరాలు తీసి మోచేతుల దాకా కడుక్కోండి. తాయెత్తు, మొలతాడు డిశ్చార్జి అయ్యాక కడుదురుగాని.